రమాకుమారి నోటుపుస్తకాలు

రమాకుమారికి ఎవరిమీదా నమ్మకం లేదు. హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పాలవాడు పాలు పోస్తుంటే ఆమె గిన్నె వైపు చూడదు, అతని చేతి వైపు చూస్తుంది. చేపలవాడు ఇప్పుడే వచ్చిన సరుకంటే మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి, ఆ తర్వాత పక్కవాడి దగ్గర కొంటుంది. యార్డులో డ్యూటీ దిగి వచ్చిన మొగుడు యోగేశ్ ఎక్కడో తినేసి వచ్చానంటే, ఎవరింట్లో ఏ కూరతో తిన్నాడో చెప్పేదాకా వదలదు.

కొత్త మనిషి తారసపడితే మరీను. ముందు ఒక చిన్న అబద్ధం ఆడి చూస్తుంది. కూరలవాడితో "మొన్న నీ దగ్గర కొన్న వంకాయలు బాగున్నాయి" అంటుంది. వాడి దగ్గర అంతకుముందు ఏనాడూ కొని ఉండదు. "నా సరుకంటే మాటలా దీదీ!" అన్నాడో, వాడి బండి దగ్గర మళ్లీ ఆగదు. "మీరు నా దగ్గరెప్పుడు కొన్నారు?" అన్నవాడే ఆమెకు ఖాయం కూరలవాడు.

ఆమెది సోంపేట దగ్గర పల్లె. తెలుగు మీడియంలో పదో తరగతి పాసై, పెళ్లయ్యాక యోగేశ్ వెంట హౌరాలో రైలు దిగింది. కూతురు పూజిత పుట్టిన ఏడాదికి శివపూర్ వైపు ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేరింది. ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి. రోగుల తాలూకువాళ్లు ఆమెను మాషీ అంటారు, పిన్ని అని. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి ఎముక విరిగినవాళ్లు, మతి తప్పిన ముసలివాళ్లు ఎందరో ఆ చేతుల మీదుగా నడిచారు. కొందరు ఇంటికి నడిచారు, చాలామంది పైకే వెళ్లిపోయారు.

చేరిన రెండో నెలలో ఒక రోగి కూతురు, మాషీ మధ్యాహ్నం మందు వెయ్యలేదని మేట్రన్‌కి ఫిర్యాదు చేసింది. వేసింది. వేసినట్టు రుజువేది? అప్పటి మేట్రన్ ఆ కూతురి మాటే నమ్మింది. మర్నాడు రమాకుమారి ఒక నోటుపుస్తకం కొంది. ఏ వేళకి ఏ మందు వేసింది, ఎన్నిసార్లు పక్క మార్చింది, ఎంత తినిపించింది, రోగి ఏమన్నాడు, అన్నీ తెలుగులో రాసి, డ్యూటీ దిగేముందు తాలూకువాళ్ల చేత కింద సంతకం పెట్టించి, ఫోన్ నంబరు రాయించుకోవడం మొదలుపెట్టింది. వాళ్లు బెంగాలీలు. పైన రాసిన తెలుగు అక్షరాలు వాళ్లకు ముగ్గుల్లా కనబడేవి. అయినా నవ్వుతూ బెంగాలీలో సంతకం గీకేసేవారు. చదవకుండా సంతకం ఎలా పెట్టేస్తారో వీళ్లని రమాకుమారి ప్రతిసారీ ఆశ్చర్యపోయేది. అలా నలభై మూడు పుస్తకాలు మంచం కింద ట్రంకుపెట్టెలో చేరాయి.

ఈ ఏడు వానాకాలంలో నర్సింగ్ హోమ్ చేతులు మారింది. కొత్త యాజమాన్యం కొత్త నిబంధన పెట్టింది. దసరా ముందు వచ్చే మహాలయ అమావాస్య లోపల, రోగి ఒంటిమీద చెయ్యి వేసే ప్రతి మనిషికీ చదువు కాగితం ఉండాలి. రోగుల సంరక్షణలో డిప్లొమా ఉంటే సరేసరి. లేనివాళ్లు కనీసం ఆ చదువులో చేరి, అందులో పన్నెండు క్రెడిట్లు సంపాదించినట్టు ఉత్తరం తేవాలి. అదీ లేకపోతే కింద అంతస్తులో లాండ్రీకి మార్చేస్తారు.

మేట్రన్ శిప్రా దీదీ, అందరి నోటా శిప్రాది, ఆయాలందర్నీ కూర్చోబెట్టి క్రెడిట్లంటే ఏమిటో చెప్పింది. డిప్లొమాని చిన్న చిన్న వాటాలుగా కోస్తారు. ఒక్కో వాటా నెగ్గితే కొన్ని క్రెడిట్లు. ఈ మధ్య కొన్నిచోట్ల, పనిలో ఇప్పటికే నేర్చుకున్నదాన్ని పరీక్షించి చూసి, ఆ మేరకు క్రెడిట్లు ముందే ఇస్తున్నారట. మిగతాది చదువుకోవాలి.

లాండ్రీలోనూ జీతం అదే. యోగేశ్ అదే మాట అన్నాడు, పైగా నడుంనొప్పి తగ్గుతుందన్నాడు. రమాకుమారి ఆ పూట అన్నం ముట్టలేదు.

"గుడ్డలకి నాడి ఉంటాదేటి?" అని మాత్రం అంది. మంచం పక్కన నిలబడి మనిషి మొహం చూసి ఒంట్లో ఎలా ఉందో చెప్పడం తప్ప తనకు ఇంకేమీ రాదని ఆమె భయం. అది పోతే తనేమిటో ఆమెకు తెలియదు.

వారం తిరక్కుండా జగ్గమ్మ పరుగున వచ్చింది. జగ్గమ్మ అదే నర్సింగ్ హోమ్‌లో ఆయా, కిదిర్‌పూర్ ఓడరేవు దగ్గర మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. రమాకుమారి కన్నా ఆరేళ్లు పెద్ద.

"ఒలే రమా, మన పని అయిపోయిందనుకో! మనోడు దొరికినాడు. తెలుగోడు. సాల్ట్ లేక్‌లో ఆఫీసు. చేసిన పనికే డిగ్రీ ఇప్పించీస్తాడట, బడికెళ్లక్కర్లేదు."

"ఊరికే ఎవులిస్తారు వొదినా?"

"ఊరికే కాదులే, ఫీజుంది. రా, ఒకసారి చూసి వద్దాం."

ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. అద్దాల తలుపు, మెత్తటి సోఫా, గోడనిండా బంగారు ముద్రల సర్టిఫికెట్లు. నవదీప్ ముప్పై ఏళ్లవాడు, హైదరాబాదు నుంచి వచ్చి మూడేళ్లయిందట. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. జగ్గమ్మ ఆ నమస్కారానికే పడిపోయింది.

"ఎన్నేళ్ల అనుభవం అక్కా మీకు?"

"ఇరవై ఒకటి," అంది రమాకుమారి.

"ఇంకేం కావాలి! మీ జీవితమే మీ యూనివర్సిటీ. డిప్లొమా ఎందుకు, ఏకంగా డిగ్రీయే ఇప్పిద్దాం."

"పరీక్ష ఏటి బాబూ?"

"పరీక్షా? ఇరవై ఒక్క ఏళ్లుగా మీరు రాస్తున్నది పరీక్ష కాదా అక్కా?"

రమాకుమారి సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. రుజువు అడుగుతాడని తెచ్చుకుంది. నవదీప్ తెరిచాడు. "అబ్బో, తెలుగులోనే రాశారే! చేతిరాత ముత్యాల్లా ఉంది" అని రెండు పేజీలు తిప్పి, మూసి, ఆమె వైపు తోశాడు.

"చదవవేటి?"

"ఎందుకక్కా? మీమీద నాకు నమ్మకం లేదా?"

రమాకుమారికి ఆ మాట చెవిలో దూరిన చీమలా ఉంది. తన వంకాయల అబద్ధం గుర్తొచ్చింది.

"నాను మూడేళ్లు ఆపరేషన్ థియేటర్లో కూడా చేసినాను బాబూ."

ఏనాడూ థియేటర్ గడప తొక్కలేదు. నవదీప్ చకచకా టైపు చేసుకున్నాడు. "సూపర్ అక్కా, అదీ వేద్దాం."

"పురుళ్లు కూడా పోసినాను. ఒక మూడొందలు."

"అదీ వేద్దాం."

జగ్గమ్మ నోరెళ్లబెట్టి చూస్తోంది. రమాకుమారి బల్ల కింద ఆమె కాలు తొక్కింది.

"పళ్లు కూడా పీకినాను," అంది చివరికి. నవదీప్ అది కూడా టైపు చేశాడు. చేసి, రెండువేల పదకొండులో పాసైనట్టు వేయిద్దామన్నాడు. పాతదైతే ఎవరూ తవ్వి చూడరట. పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్, ఆధార్ ఇక్కడ పెట్టి వెళ్లమన్నాడు. ఈ అవకాశం శుక్రవారం దాకానేనట.

లిఫ్టులో జగ్గమ్మ మొహం మతాబాలా వెలుగుతోంది. రమాకుమారి మొహం మాడిపోయి ఉంది.

"వాడు దొంగ వొదినా."

"నీకు దేవుడన్నా అనుమానమే! మనోడు కదే, మనల్ని ముంచుతాడేటి?"

"రెండువేల పదకొండులో నానెక్కడున్నాను? అయిదో నంబరు మంచం దగ్గరున్నాను. ఆ ఏడు కాలేజీలో ఉన్నానని కాగితం ఇస్తాడట. పళ్లు పీకినానంటే కూడా కాదనలేదు, చూసినావా?"

జగ్గమ్మ చూడలేదు. చూడదలుచుకోలేదు. ఆ సాయంత్రం పూజిత తన ఫోనులో యూజీసీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయాల జాబితా మొత్తం వెతికింది. నవదీప్ చెప్పిన విశ్వవిద్యాలయం పేరు అందులో లేదు. ఆ సంగతి చెప్పడానికి రమాకుమారి మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి జగ్గమ్మ ముందురోజు సాయంత్రమే మళ్లీ వెళ్లి ఒరిజినల్, ఫీజు రెండూ ఇచ్చేసి వచ్చింది. చెప్పినా వినలేదు. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

ఇక మిగిలింది అసలు దారి. ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయం వాళ్ల సొంత వెబ్‌సైటులోనే పూజిత ఒక అధ్యయన కేంద్రాన్ని పట్టుకుంది. ఉత్తర కలకత్తాలో ఒక పాత కాలేజీ పైఅంతస్తు. పనిలో నేర్చిన విద్యను అక్కడ పరీక్షించి చూస్తారట. రమాకుమారి కూతుర్ని కూడా నమ్మలేదు. విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయానికి రెండు వేర్వేరు రోజుల్లో ఫోను చేయించి, రెండుసార్లూ ఒకటే జవాబు వచ్చాక గానీ బయల్దేరలేదు. హౌరా దగ్గర లాంచీ ఎక్కి నది దాటి, బస్సు పట్టుకుని వెళ్లింది. నోటుపుస్తకాలు రెండు సంచుల్లో మోసుకుపోయింది.

ఆ గది చూడగానే ఆమెకు అనుమానం వేసింది. ఫ్యాను కిర్రుమంటోంది, బీరువా తలుపుకి తాడు కట్టి ఉంది. బల్ల వెనకాల తపతి బాగ్చి అనే అరవై ఏళ్లావిడ కూర్చుంది. నర్సింగ్ పాఠాలు చెప్పి రిటైరై, ఇక్కడ పరీక్షించే పని చూస్తోందట. నమస్కారం లేదు, కూర్చోమని కూడా అనలేదు. డిప్లొమాలో చేర్చుకోవడానికి పదో తరగతి సర్టిఫికెట్ తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసి, జెరాక్సు ఉంచుకుని ఒరిజినల్ వెనక్కిచ్చేసింది. ఎందుకిచ్చేసిందో రమాకుమారికి అర్థం కాలేదు.

మాటలు బెంగాలీలో సాగాయి.

"అనుభవం ఉందని ఊరికే క్రెడిట్లు రావు," అంది తపతి. "అనుభవంలో ఏం నేర్చుకున్నారో అది కావాలి. సాక్ష్యం ఏముంది?"

రమాకుమారి పుస్తకాలు పేర్చింది. తపతి ఒకటి తిరగేసింది.

"ఇది ఏం భాష?"

"తెలుగు."

"మీరే రాశారని ఏమిటి నమ్మకం? నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని రాసి ఉండొచ్చు."

రమాకుమారికి ఒళ్లు మండిపోయింది. ఇరవై ఒక్క ఏళ్ల రాత! సంచులు సర్దుకుని వెళ్లబోయి, అలాగే ఆగింది. తనైనా ఇదే మాట అడిగి ఉండేది. ఇంకో రెండు అడిగి ఉండేది.

"సంతకాలున్నాయి చూడండి, ఫోన్ నంబర్లున్నాయి. ఎవరికి కావాలంటే వాళ్లకి చెయ్యండి," అంది.

తపతి నిజంగానే చేసింది. పదేళ్ల కిందటి పుస్తకంలోంచి ఒక నంబరు ఏరి, స్పీకర్లో పెట్టి మాట్లాడింది. అవతల సాల్కియా నుంచి ఎవరో ఆవిడ, మా నాన్నని ఆఖరి నాలుగు నెలలు చూసిన రమా మాషీయే కదా, బాగుందా అని అడిగింది. తపతి మొహంలో మార్పేమీ లేదు. ఫోను పెట్టేసి, పుస్తకాల దొంతర్లోంచి తన ఇష్టం వచ్చిన చోట తెరిచి, "చదవండి, బెంగాలీలో చెప్పండి" అంది. ఒక పేజీ కాగానే ఇంకోటి. ప్రతిదానికీ ఎందుకు, ఏమిటని ప్రశ్న. రెండు గంటలకోసారి పక్క ఎందుకు తిప్పారు? మడమ కింద దిండు ఎందుకు? రమాకుమారి చెబుతోంది, ఆమె రాసుకుంటోంది. తెలుగు చదవగలిగినవాడు రెండు పేజీలు తిప్పి మూసేశాడు. చదవలేని ఆవిడ రెండు గంటలుగా చదివించుకుంటోంది. రమాకుమారికి మొదటిసారి ఆ గదిలో కాస్త ఊపిరాడింది.

అప్పుడు తపతి బాగా పాతదైన రెండో పుస్తకం తెరిచి ముందు పెట్టింది.

రెండువేల అయిదు, మార్చి. మూడో మంచం దత్తబాబు. కుడిపక్క పడిపోయింది. రమాకుమారి కళ్లు మొదటి వరస మీంచి కిందికి జారాయి, అక్కడే ఆగిపోయాయి.

"మద్దేనం పన్నెండున్నర. దత్తబాబు లెగలేకపోతే పండబెట్టే సుజీరవ్వ జావ తినిపించినాను. ఆరు చెంచాలు. దగ్గినారు. వీపు నిమిరినాను. ఇంకో నాలుగు చెంచాలు పెట్టినాను. సాయంత్రం జొరం." దాని కింద కొడుకు సంతకం. అయిదు రోజుల తర్వాత ఒకటే వరస, "మూడో మంచం కాళీ."

ఇరవై ఏళ్లలో ఆ పేజీ మళ్లీ చూసింది లేదు. పడుకోబెట్టి తినిపించకూడదని, దగ్గితే ఆపెయ్యాలని, లేకపోతే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుందని, తర్వాత అయిదారేళ్లకి ఒక ఫిజియోథెరపీ ఆయన చెబితే నేర్చుకుంది. నేర్చుకుంది గానీ ఆ నేర్చుకున్నదాన్ని వెనక్కి తిప్పి దత్తబాబు దాకా ఎప్పుడూ తీసుకుపోలేదు. లోకంలో అందర్నీ అనుమానించింది. తన చేతిని మాత్రం అనుమానించలేదు.

ఎదురుగా తపతి కలం పట్టుకుని కాచుకుని ఉంది. ఆమెకు తెలుగు ఒక్క అక్షరం రాదు. కూర్చోబెట్టి తినిపించానని చెబితే అదే రాసుకుంటుంది. ఈ గదిలో తెలుగు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. మహాలయ ఇంకా నెల రోజులే ఉంది.

"ఏం, చేతిరాత తెలియడం లేదా?" అంది తపతి అనుమానంగా.

రమాకుమారి ఉన్నది ఉన్నట్టు చదివింది. పది చెంచాలూ లెక్క తప్పకుండా చెప్పింది, దగ్గు చెప్పింది, జ్వరం చెప్పింది, ఖాళీ మంచం చెప్పింది. తపతి అదంతా రాసుకుని, పదిహేను రోజులాగి రమ్మంది.

ఈ పదిహేను రోజుల్లో జగ్గమ్మ కాగితం వచ్చింది. బంగారు ముద్ర, రెండు రంగుల తాడు. శిప్రాది దాని మీదున్న నంబరు వదిలేసి, ఆ విశ్వవిద్యాలయం ఉందన్న రాష్ట్రంలో ఉన్నత విద్యా కార్యాలయానికే ఫోను చేసింది. అలాంటిది లేనే లేదన్నారు. జగ్గమ్మ సాల్ట్ లేక్ పరుగెత్తింది. అద్దాల తలుపుకి తాళం, లోపల సోఫా కూడా లేదు. ఆమె పదో తరగతి ఒరిజినల్ నవదీప్‌తోనే పోయింది. ఉద్యోగం తీసెయ్యకుండా లాండ్రీకి పంపడమే శిప్రాది చేసిన దయ.

"నువ్వు చెప్పినావు, నానే వినలేదు," అని జగ్గమ్మ మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. రమాకుమారికి గెలిచినట్టు అనిపించలేదు. ఆ రోజు చెయ్యి పట్టుకుని లాక్కురావలసింది అనుకుంది. ఠాణాలో ఫిర్యాదు రాయించడానికి జగ్గమ్మ పక్కన కూర్చుంది. అప్పట్నుంచి శిప్రాది కూడా ఏ ఆయా చేతి కాగితమూ నమ్మడం మానేసింది. ఉత్తరం కేంద్రం నుంచే నేరుగా రావాలంది.

పదిహేనో రోజున రమాకుమారి మళ్లీ నది దాటింది. తపతి ముందు ఒక కాగితం ఉంది.

"తొమ్మిది క్రెడిట్లు ఖాయం చేశాను," అంది. "తినిపించడం, మింగించడం అనే పాఠం ఒకటి మిగిలింది. దానికి మూడు. అది ఇస్తే మీకు పన్నెండు అవుతాయి. తర్వాతి ఏళ్ల పుస్తకాల్లో మీరు ప్రతిసారీ నిటారుగా కూర్చోబెట్టినట్టే ఉంది, ఆ రోజు మీరు చదివి చెప్పిన పదమూడు పేజీల్లో చూశాను. ఆ దత్తబాబు పేజీ మీరు దాచలేదు కూడా. కాబట్టి ఇచ్చేద్దామనుకుంటున్నాను."

వార్డులో పని చేతికి అందేంత దూరంలో ఉంది. రమాకుమారి మాత్రం సంతోషించలేకపోయింది. ఇచ్చేద్దాం లాంటి మాట ఆమె ఇంతకుముందు సాల్ట్ లేక్‌లో విని ఉంది.

"ఊరికే ఇవ్వకండి మేడం. అడగండి."

తపతి కళ్లజోడు తీసి ఆమె వైపు చూసింది. తర్వాత ప్యూన్ తెచ్చిన టీ గ్లాసులో బిస్కట్టు వేసి మెత్తగా నానబెట్టింది. చెంచా ఒకటి పక్కన పెట్టి, కుర్చీలో కిందికి జారి, మెడ వాల్చేసి, కుడి చెయ్యి ఊరికే వేలాడేసింది.

"నాకు కుడిపక్క పడిపోయింది," అంది. "తినిపించండి."

రమాకుమారి కొంగు దోపుకుంది. చంకల కింద చేతులు వేసి ఆమెను నిటారుగా కూర్చోబెట్టింది. వీపు వెనక తన సంచి పెట్టింది. పడిపోయిన చేతిని తీసి ఒళ్లో ఉంచింది. గడ్డం కాస్త కిందికి దించి, ఎడమ పక్కన కూర్చుని, చెంచాలో సగం మాత్రమే తీసుకుని, నోట్లో ఎడమ వైపు పెట్టింది. గొంతు వైపే చూస్తూ కూర్చుంది. గొంతు కదిలింది. ఆగింది. రెండో చెంచా. గొంతు మళ్లీ కదిలింది.

"మింగేశాను," అంది తపతి. "ఇంకోటి పెట్టండి."

రమాకుమారి చెంచా ఎత్తలేదు.

"నోరు తెరవండి మేడం."

"మింగేశానన్నాను కదా?"

"తెరవండి."

తపతి నోరు తెరిచింది. రమాకుమారి ఫోను లైటు వేసి నాలుక మీద చూసింది, నాలుక కింద చూసింది, చెంచా కాడతో కుడి బుగ్గ మెల్లిగా పక్కకి జరిపింది. అక్కడ, బుగ్గకీ పళ్లకీ మధ్య, నానిన బిస్కట్టు ముద్ద అలాగే ఉంది. తపతి కావాలని దాచిపెట్టింది.

రమాకుమారి గుడ్డ చుట్టిన వేలితో ఆ ముద్దను బయటికి తీసింది. తీసి, అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఇంతే. ఆ మధ్యాహ్నం దత్తబాబుని ఇలా కూర్చోబెట్టి, దగ్గగానే ఆపి, ఒక్కసారి నోరు తెరవమని అడిగి ఉంటే! ఆయన ఆమెను నమ్మి పదో చెంచా దాకా నోరు తెరుస్తూనే ఉన్నాడు. ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోలేదు. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

తపతి సర్దుకుని కూర్చుంది. కుడి చేత్తో కలం తీసి, కాగితం మీద ఖాళీగా ఉన్న గడిలో ఆనించి, ఆగింది.

"ఇప్పుడు ఇవ్వనా?" అని అడిగింది.

రమాకుమారి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇవ్వండి," అంది.